పట్టీ అందకముందే

"ఇంకా ఆ బొమ్మలేనా, అమ్మా?"

ఈ మాట అన్నది మా అమ్మాయి కాదు, మా ఆయన. చినత్సు పుట్టినప్పటి నుంచీ తెత్సురో నన్ను 'అమ్మా' అనే పిలుస్తాడు. అందులో వింతేమీ లేదు, మా దగ్గర ఏ ఇంట్లో చూసినా ఇంతే. బిడ్డ పుట్టగానే పెళ్ళాం అమ్మ అయిపోతుంది, మొగుడు నాన్న అయిపోతాడు. చినత్సు నిరుడు కాలేజీకని ఒసాకా వెళ్ళింది. పిల్ల వెళ్ళింది గానీ పిలుపు వెళ్ళలేదు. ఇప్పుడీ ఇంట్లో నాకు మిగిలిన ఒకే ఒక్క సంతానానికి యాభై రెండేళ్ళు.

ఆయన బొమ్మలన్నది అనిమేని, అంటే మా దగ్గరి కార్టూన్ సీరియళ్ళని. అక్టోబరులో ఒక ఆదివారం. సాక్సులు జతలు కలుపుతూ, ఫోన్ని ఫ్లాస్కుకి ఆనించి, ఒక చెవిలో మాత్రం ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూస్తున్నాను. రెండో చెవి ఇంటికి వదిలేశాను. ఎవరైనా టీ అడిగితే వినపడాలి కదా. "ఈ వయసులో స్కూలు పిల్లలు పరిగెత్తే బొమ్మలు చూసి కళ్ళు తుడుచుకుంటావేంటి?" అన్నాడాయన. తిట్టినట్టు అనలేదు, నవ్వుతూనే అన్నాడు. తిట్టి ఉంటే బదులైనా చెప్పేదాన్ని. నవ్వుతూ అన్న మాటకి బదులు చెబితే మనమే గయ్యాళులమవుతాం. అందుకని ఫోను బోర్లించి, "టీ పెట్టనా?" అన్నాను.

ఆ తర్వాత ఇంట్లో చూడడం మానేశాను. రైలు పట్టాల పక్కన, నాణేలేసి బట్టలు ఉతికి ఆరబెట్టుకునే కాయిన్ లాండ్రీ ఒకటి ఉంది. ఆదివారం పొద్దున్నే దుప్పట్లూ పరుపు గుడ్డలూ మోసుకుని అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను. "ఇంట్లో మెషీన్ ఉందిగా?" అన్నాడు ఆయన. "చలికాలం సరిగ్గా ఆరవు" అన్నాను. నమ్మాడు. బట్టల గురించి నేనేం చెప్పినా నమ్ముతాడు, ఆయనకి వాటి గురించి బొత్తిగా ఏమీ తెలియదు కాబట్టి. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక భాగం చూసేసరికి దుప్పట్లు ఆరిపోతాయి. వెచ్చగా ఉన్న దుప్పటి ఒళ్ళో పెట్టుకుని, చూసిందంతా మళ్ళీ మనసులో తిప్పుకుంటూ కాసేపు కూర్చుంటాను. వారం మొత్తంలో నన్ను ఎవరూ ఏమీ అడగని చోటు అదొక్కటే. చెప్పుకోవడానికి ఎవరూ లేని చోటు కూడా అదే. ఏడ్చిన రోజు కూడా ఒక్కదాన్నే ఏడ్చి, ముక్కు చీదుకుని, దుప్పటి మడత పెట్టుకుని వచ్చేదాన్ని.

ఆ అనిమే పేరు 'ఏడో మలుపు'. మంచు ఎక్కువ పడే ఊళ్ళో ఒక ఆడపిల్లల బడి. జట్టుకి సరిపడా పిల్లలు కూడా లేరు, బతిమాలి పోగేసుకుంటారు. వాళ్ళది ఎకిదెన్, అంటే ఊళ్ళు దాటుకుంటూ పోయే అంచెల పరుగు. ఒకరు తమ దూరం పరిగెత్తి, భుజం మీదుగా వేసుకున్న గుడ్డ పట్టీ తీసి, గీత దగ్గర ఎదురుచూస్తున్న తర్వాతి మనిషి చేతిలో పెట్టాలి. ఆ పట్టీలో చెమటా ఉంటుంది, పరువూ ఉంటుంది. కింద పడనివ్వరు, నలగనివ్వరు.

నేను పనిచేసేది నుమజులో ఒక కామబోకో ఫ్యాక్టరీలో. చేపముద్దని చెక్క పలక మీద గుండ్రంగా పేర్చి ఆవిరి పడతాం, ఎర్రవీ తెల్లవీ. కొత్త సంవత్సరం నాడు అవి లేని ఇల్లు ఉండదు కాబట్టి డిసెంబరంతా మాకు ఊపిరాడదు. నెత్తిన టోపీ, మూతికి మాస్కు, బయటికి కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఎవరు ఎవరో తెలియడానికి ఛాతీ మీద స్టిక్కరుంటుంది. పార్ట్ టైం వాళ్ళకి ఇంటి పేరు ఒక్కటే. నా స్టిక్కరు మీద 'కురాతా' అని ఉంటుంది. అది మా మామగారి పేరు.

ఆ డిసెంబరు మధ్యలో, భోజనాల గదిలో, ఒకితా అనే పిల్ల డబ్బా మూత తీస్తూ, "ఈ ఏడాదికి మీ అనిమే ఏదో చెప్పండి. ఒక్కటే చెప్పాలి. రెండు చెబితే ఒప్పుకోను" అంది. పాతికేళ్ళుండవు ఆ పిల్లకి. జుట్టుకి నీలం రంగు, టోపీ తీస్తే గానీ కనపడదు.

"ఇంటికెళ్ళి పడుకోవడమే నాకు అనిమే. ఈ ఏడాది అది కూడా చూడలేదు" అంది త్సుగె గారు. ప్యాకింగులో ఉంటుంది ఆవిడ.

"మీరు లాభం లేదు. కురాతా గారూ, మీరు చెప్పండి. మీ ముఖం చూస్తే కొరియా సీరియళ్ళు చూసేవారిలా ఉన్నారు గానీ..."

"ఏడో మలుపు" అన్నాను.

ఒకితా చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి. "అయ్యబాబోయ్! మీరా? ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని చెప్పలేదేంటండీ! నేను ఎవరితో మాట్లాడాలో తెలీక గోడతో మాట్లాడుకుంటున్నా! తొమ్మిదో భాగం చూశారా?"

"చూశాను."

"ఇంకేం మరి, ఏడాది అయిపోవాలా ఏంటి, తొమ్మిదో దాంతోనే గెలిచేసింది. మీరు స్కూల్లో పరిగెత్తేవారా?"

"నేనా? ఆటల పీరియడ్ ఉన్న రోజు కడుపునొప్పి తెచ్చుకునేదాన్ని."

"మరి మీకు ఆటల అనిమే ఎందుకండీ? నిజంగా అడుగుతున్నా. నాకైతే చిన్నప్పుడు ఆడాను కాబట్టి నచ్చుతుంది."

"ఏమో... అందరూ బాగా కష్టపడతారు కదా" అన్నాను. అంత చచ్చు జవాబు విని త్సుగె గారు కూడా నవ్వింది.

చెప్పడానికి నా దగ్గర మాట లేక కాదు. అంత పెద్ద మాట భోజనాల గదిలో ఎలా చెప్పాలో తెలియక. ఆ కథల్లో ఎవరు గెలుస్తారన్నది నాకెప్పుడూ పట్టలేదు. ఒక పిల్ల రోజూ మెట్లెక్కి దిగుతుంది, రోజూ అదే పని. ఒక రోజు పక్కనున్న పిల్ల, "నీ అడుగు తేలికైంది" అంటుంది. అంతే, ఆ ఒక్క మాట దగ్గర కళ్ళు తుడుచుకుంటాను. మామగారికి బీపీ వచ్చినప్పటి నుంచీ నేను వాళ్ళింటికి వెళ్ళిన ప్రతిసారీ సూప్‌లో ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ఆ రుచి తగ్గకుండా ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్ళు పోస్తూ వచ్చాను. ఎవరికీ తెలియకుండా చేయడమే అందులో పనితనం. నిజంగానే ఎవరికీ తెలియలేదు. "మన ఇంటి సూప్ బాగుంటుందోయ్" అని మామగారు మా ఆయన భుజం తట్టాడు. ఆటల అనిమేలో అలా జరగదు. ఎవరు ఏం చేసినా ఎవరో ఒకరు చూస్తారు. బంతి జారిపోతే 'పర్లేదు, పర్లేదు' అని నలుగురు వీపు తడతారు. మా ఇంట్లో అన్నం మాడితే, మాడిందన్న సంగతి నాకు చెబుతారు.

అన్నిటికన్నా నన్ను లాగేది పేరు. గీత దగ్గర నిలబడ్డ పిల్ల రెండు చేతులూ చాచి, దూరంగా మలుపు తిరిగి వస్తున్న పిల్లని పేరు పెట్టి అరుస్తుంది. గొంతు పగిలిపోయేలా అరుస్తుంది. ఊరంతా వినేలా. ఆ అరుపు కోసం నేను ఒకే భాగాన్ని ఎన్నోసార్లు చూసిన రోజులున్నాయి. మా ఆయనకి నేను అమ్మని. కూతురికీ అమ్మనే. అత్తగారికి 'అమ్మాయ్', మామగారికి 'కోడలు పిల్ల', ఫ్యాక్టరీలో కురాతా గారు, ఆస్పత్రిలో కురాతా గారి భార్య. నా పేరు పెట్టి పిలిచే ఆఖరి మనిషి మా అమ్మ. ఆవిడ పోయాక నా పేరు నేను ఎవరి నోటా వినలేదు. ఒక పేరుని ఎవరూ వాడకపోతే అది పాడవుతుందా, అలాగే ఉంటుందా అని దుప్పట్లు తిరుగుతున్న అద్దం తలుపు వైపు చూస్తూ ఆలోచించిన ఆదివారాలు ఉన్నాయి.

తొమ్మిదో భాగం సంగతి చెప్పాలి. ఎకిదెన్‌లో ఒక నియమం ఉంది. మొదటి జట్టు వెళ్ళి ఇరవై నిమిషాలు దాటితే వెనకబడినవాళ్ళని ఇక ఆగనివ్వరు. రోడ్లు తెరవాలి, బస్సులు తిరగాలి. తర్వాతి మనిషి, పట్టీ చేతికి అందకపోయినా సరే, నిర్వాహకులిచ్చే చారల పట్టీ తగిలించుకుని బయల్దేరాల్సిందే. దాన్ని కురియాగె అంటారు. ముందుకు జరిపి పంపేయడం. అనిమేలో ఫుమి అనే పిల్ల కాలు బెణికి, కుంటుకుంటూ, పట్టీ తీసి పిడికిట్లో బిగించుకుని మలుపు తిరుగుతుంది. గీత ఖాళీగా ఉంటుంది. తన కోసం నిలబడాల్సిన రింకో అప్పుడే వెళ్ళిపోయింది. ఫుమి ఖాళీ గీత దగ్గరికి వచ్చి, పట్టీని ఎవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూస్తుంది.

"నేను మొదట ఫుమిని చూసి ఏడ్చానండీ" అంది ఒకితా ఆ రోజు భోజనాల గదిలో, "కానీ మళ్ళీ చూసినప్పుడు ఇంకో పిల్ల కోసం ఏడ్చాను."

"ఇంకో పిల్లా?"

"రింకో. ఫుమికి కనీసం కుంటడానికి కాలుంది, ఏడవడానికి టైముంది. రింకో చూడండి, ఎవరిదో పట్టీ తగిలించి, పో అన్నారు. వెనక్కి చూసుకుంటూ పరిగెత్తింది పాపం. తప్పు చేసినదానిలా. ఆ పిల్ల ఏం తప్పు చేసింది? టైమైపోయింది, అంతేగా?"

నాకు ఆ పిల్ల గుర్తు కూడా లేదు. ఆ సన్నివేశం అన్నిసార్లు చూశాను గానీ ప్రతిసారీ ఫుమినే చూశాను. చేతిలో పట్టీ ఉంది, తీసుకునేవాళ్ళు లేరు. అది నేనే అనుకున్నాను. ఇన్నేళ్ళ ఉప్పూ, పుట్టగొడుగుల నీళ్ళూ, సాక్సుల జతలూ అన్నీ కలిపి నేను మోసుకొచ్చే ఏదో ఒకటి ఉంది, అది చాచితే అందుకునే చెయ్యి అవతల లేదు అనుకుంటూ ఏడ్చాను. వెళ్ళిపోయిన పిల్ల ముఖం ఎలా ఉందో ఒక్కసారైనా చూడలేదు.

ఆ వారమే సెక్షన్ హెడ్ హిరోనో గారు నన్ను పక్కకి పిలిచారు. ఏప్రిల్ నుంచి ఆవిరి గదికి లైన్ లీడరుగా ఉంటారా అని అడిగారు. పర్మనెంటు ఉద్యోగం. "మీరు ముద్ద రంగు చూసే ఆవిరి చాలిందో లేదో చెబుతారు. మా కుర్రాళ్ళకి థర్మామీటరిచ్చినా అది రాదు. సెలవులయ్యాక చెప్పండి, తొందరేం లేదు" అన్నారు. లీడర్ల ఛాతీ మీద స్టిక్కరు ఉండదు, బ్యాడ్జి ఉంటుంది. దాని మీద పూర్తి పేరు చెక్కిస్తారు. ఇంటి పేరూ, సొంత పేరూ. నేను ఆయనకి వంగి నమస్కారం పెట్టి, బాత్రూంలోకి వెళ్ళి, మాస్కు తీసి అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. ఎవరో ఒకరు నా అడుగు తేలికైందని చూశారు.

సాయంత్రం మా ఆయనకి ఇష్టమని ఆయిస్టర్లు వేయించాను. ఆయన తింటూ ఉండగా చెప్పాలనుకున్నాను. ఆయన నాకన్నా ముందు మొదలుపెట్టాడు.

"మా అమ్మకి ఫిబ్రవరిలో తుంటి ఆపరేషన్ ఖాయం చేశారు. ఇక వంటింట్లో నిలబడలేదట."

"అయ్యో. మరి మామయ్యగారికి?"

"అదే కదా. నాన్నకి గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా రాదు. అందుకే ఏప్రిల్ నుంచి నువ్వు నినోమియాలో వాళ్ళ దగ్గర ఉంటావని చెప్పేశాను. శని ఆదివారాలు ఇక్కడికొచ్చి నా బట్టలూ అవీ చూసుకుంటే సరిపోతుంది."

"చెప్పేశారా?"

"నాన్న ఎంత సంతోషించాడో! పండగకి వెళ్ళినప్పుడు అందరి ముందూ అనుకుందాం అన్నాడు. ఇంకో నిమ్మముక్క ఉందా?"

నిమ్మకాయ కోశాను. "నా ఉద్యోగం?" అన్నాను, కత్తి వైపు చూస్తూ.

"పార్ట్ టైమే కదా" అన్నాడు. ఆ మాట కూడా దయగానే అన్నాడు. నా నెత్తి మీద బరువొకటి దించినట్టు.

అప్పుడు చెప్పాల్సింది. బ్యాడ్జి సంగతి చెప్పాల్సింది. కానీ చెబితే అది నా ఉద్యోగానికీ ఆవిడ తుంటికీ తగువవుతుంది, ఆవిడ తుంటితో పోటీపడి గెలిచిన కోడలు ఏ ఊళ్ళోనూ లేదు. పైగా అత్తగారంటే నాకు కోపం లేదు, అదే చిక్కు. "ఆలోచిస్తాను" అన్నాను. "ఇందులో ఆలోచించడానికేముంది?" అని ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు.

ఆ ఆదివారం కాయిన్ లాండ్రీలో తొమ్మిదో భాగం మళ్ళీ పెట్టాను. ఈసారి ఫుమి వైపు చూడకుండా రింకోని చూశాను. చారల పట్టీ మెడలో పడగానే ఆ పిల్ల తల వంచి దాన్ని చూసుకుంటుంది. ఒకితా చెప్పినట్టే వెనక్కి చూస్తుంది, మళ్ళీ చూస్తుంది. గీత దగ్గర ఎవరూ ఆ పిల్ల పేరు పెట్టి అరవరు. పిలవాల్సిన మనిషి ఇంకా మలుపు అవతలే ఉంది కదా. బయల్దేరమని తుపాకీ మోగుతుంది, ఒంటరిగా వెళ్ళిపోతుంది. దుప్పట్లు ఎప్పుడు ఆగిపోయాయో నేను చూసుకోలేదు.

నినోమియాలో మా అత్తగారి ఇల్లు సముద్రం వైపు పోయే పెద్ద రోడ్డుని ఆనుకుని ఉంటుంది. కొత్త సంవత్సరంలో రెండు రోజులు కాలేజీ కుర్రాళ్ళ ఎకిదెన్ ఆ రోడ్డు మీదే పోతుంది, ఒక రోజు కొండల వైపు, మర్నాడు తిరిగి రాజధాని వైపు. దేశమంతా టీవీలో చూసే పరుగు అది. మామగారూ మా ఆయనా కొతాత్సు బల్ల కింద హీటరు వెచ్చదనంలో కాళ్ళు పెట్టుకుని టీవీ చూస్తూ, హెలికాప్టర్ చప్పుడు దగ్గరవగానే కాగితం జెండాలు పట్టుకుని గుమ్మంలోకి పరిగెడతారు. నేను పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ పరుగుని చెవులతోనే చూశాను. వంటింటి కిటికీ వెనక సందు వైపు ఉంటుంది.

రెండో తారీఖు పొద్దున వంటింట్లో అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని నాకు పనులు చెబుతోంది. కినుయే ఆవిడ పేరు. ఆ పేరు కూడా నేను ఆవిడ మందుల సంచి మీద చూడడమే.

"అమ్మాయ్, నల్ల బీన్స్ మీద కాగితం మూత వేశావా? గాలి తగిలితే ముడతలు పడతాయి."

"వేశాను అత్తయ్యా."

బయట జనం కేకలు. కుర్రాళ్ళు పోతున్నారు. ఆవిడ తల తిప్పి గోడ వైపు చూసింది, గోడలోంచి కనపడుతుందన్నట్టు.

"మీరెప్పుడైనా చూశారా అత్తయ్యా, వాళ్ళు పోతుంటే?"

"గుమ్మం ముందే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఇదిగో, ఇలా అయిపోయింది."

"ఒక్కసారి వెళ్ళాల్సింది."

"వెళితే మోచి ముద్దలు గిన్నెకి అంటుకుపోవూ?" అంది. వేళాకోళమో కాదో తెలియలేదు. 

మర్నాడు మూడో తారీఖు. కుర్రాళ్ళు తిరిగొచ్చే రోజు. మోచి సూప్, జిగురు బియ్యపు ముద్దలు వేసే పండగ సూప్, పొయ్యి మీద ఉంది. "కోడలు పిల్లా, ఇలా రామ్మా, మీ అత్తయ్యని కూడా పట్టుకురా" అని మామగారు పిలిచాడు. అత్తగారిని నడిపించుకుంటూ వెళ్ళాను. పొద్దున్నే తాగిన సాకేకి మామగారి బుగ్గలు ఎర్రబడ్డాయి. టీవీలో పక్క ఊరి గీత దగ్గర నుంచి పరుగు చూపిస్తున్నారు. మొదటి జట్టు ఆ గీత దాటి చాలాసేపైంది, ఇంకా మా ఇంటి దాకా రాలేదు.

"వినండి" అన్నాడు మామగారు, గ్లాసెత్తి. "ఇవాళ ఆ కుర్రాళ్ళే కాదు, మన ఇంట్లో కూడా పట్టీ చేతులు మారుతుంది. ఇన్నేళ్ళు మీ అత్తయ్య మోసింది. ఇక మన కోడలు పిల్ల మోస్తుంది. ఏమే, ఇవ్వు!"

మా ఆయన చప్పట్లు కొట్టాడు. అత్తగారు ఒంటి మీద ఉన్న కప్పొగిని, వంటింట్లో వేసుకునే ఆ తెల్ల అంగీని, ముడి విప్పి మెల్లగా తీసింది. చేతుల దగ్గర సోయా సాస్ మరకలు. చక్కగా నిమిరి, రెండు చేతులతోనూ నా వైపు చాచింది. అచ్చం ఆ కుర్రాళ్ళు పట్టీ చాచినట్టే. 

నా చేతులు వాటంతటవే లేచాయి. ఇరవై మూడేళ్ళ అలవాటు మరి. ఎవరు ఏది చాచినా అందుకునే చేతులు.

సరిగ్గా అప్పుడే టీవీలో అనౌన్సరు గొంతు మారింది. ఆఖరి జట్టు కుర్రాడికి చారల పట్టీ తగిలిస్తున్నారు. అతను మెడ సాగదీసి మలుపు వైపే చూస్తున్నాడు. మలుపు దగ్గర ఎవరూ లేరు. తుపాకీ మోగింది.

"అయ్యో, కురియాగె! పాపం, వచ్చేవాడు ఏమైపోతాడో" అన్నాడు మా ఆయన.

నేను వెళ్ళేవాడిని చూశాను. వెనక్కి చూశాడు. మళ్ళీ చూశాడు. ఆ తర్వాత ముందుకు చూసుకున్నాడు. నా చేతులు కిందికి దిగాయి.

"మామయ్యగారూ, మన ఇంట్లో కూడా టైమైపోయింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఏప్రిల్ నుంచి నేను ఫ్యాక్టరీలో లైన్ లీడరుని. పర్మనెంటు. అత్తయ్యకి ఆపరేషనైన నెలంతా సెలవుల రోజుల్లో వస్తాను, ఆస్పత్రిలో ఉండమంటే ఉంటాను. కానీ ఈ వంటింటికి రాను."

"ఏం లీడరు? ఎప్పుడు? నాతో చెప్పలేదే?" అన్నాడు మా ఆయన.

"చెప్పబోయాను. మీరు నిమ్మముక్క అడిగారు."

"ఇప్పుడు పండగ పూట ఇదా మాట్లాడేది! నాన్న ముందు నా పరువు..."

ఇంటి పైన హెలికాప్టర్ చప్పుడు మొదలైంది. మామగారు అటూ ఇటూ చూసి, "వచ్చేస్తున్నార్రా, మొదటివాళ్ళు వచ్చేస్తున్నారు" అన్నాడు. మా ఆయన నన్ను చూశాడు, కిటికీని చూశాడు. "తర్వాత మాట్లాడదాం, అమ్మా" అని జెండా తీసుకుని వెళ్ళాడు. మా కాపురం గురించి నేను మొదటిసారి నోరు విప్పిన నిమిషాన ఆయన జెండా ఊపడానికి వెళ్ళాడు. నాకు ఏడుపు రావాలి, నవ్వొచ్చింది.

మామగారు కూడా వెనకే వెళ్ళాడు, గదిలో అత్తగారూ నేనూ మిగిలాం. అత్తగారు ఇంకా అంగీ చాచి అలాగే నిలబడి ఉంది. మలుపు తిరిగి వచ్చింది ఆవిడ, గీత ఖాళీగా ఉంది.  తీసేసుకుంటే పోయేది కదా అనిపించింది, నిజంగా అనిపించింది. "అత్తయ్యా, నన్ను..." అన్నాను. క్షమించమనాలో, వెళ్ళనివ్వమనాలో తెలియలేదు.

ఆవిడ నా వైపు చూడలేదు. అంగీని నాలుగు మడతలు పెట్టింది. గ్లాసుల మధ్య, సరిగ్గా బల్ల నడుమ పెట్టింది. నొప్పికి మూలుగుతూ మెల్లగా కిందికి దిగి, మా ఆయన కూర్చున్న చోట కూర్చుని, హీటరు కింద కాళ్ళు చాపుకుని, టీవీ వైపు తిరిగింది.

"ఎవరు ముందున్నారు?" అంది. నన్నో, టీవీనో.

నేను కోటు వేసుకుని సంచి సర్దుకునేసరికి మామగారు లోపలికొచ్చాడు. బల్ల మీద అంగీని చూశాడు, కూర్చున్న పెళ్ళాన్ని చూశాడు. "మరి సూప్?" అన్నాడు.  నేను చెప్పులు వేసుకుని బయటపడ్డాను.

రోడ్డు మీద కార్లు లేవు. మొదటి జట్లన్నీ పోయాయి, హెలికాప్టర్ కూడా వాటితోనే పోయింది. జనం జెండాలు మడిచి ఇళ్ళలోకి పోతున్నారు. వీధి చివర మా ఆయన పక్కింటాయనతో ఎవరు గెలుస్తారో వాదిస్తున్నాడు. నేను అటు కాకుండా స్టేషన్ వైపు తిరిగాను. సముద్రం నుంచి గాలి కోసేస్తోంది. ఎవరూ పిలవలేదు. పిలుస్తారేమో అని కాస్త నెమ్మదిగా నడిచిన మాట నిజమే.

వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించి ఆగాను. ఒక్కడే వస్తున్నాడు. ఛాతీ మీద చారల పట్టీ. టీవీలో చూసిన కుర్రాడే. దగ్గరగా చూస్తే ఇంకా చిన్నవాడు, పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ పరుగుని కళ్ళతో చూస్తున్నాను, చూడ్డానికి మిగిలింది ఈ ఒక్కడు. ఫుట్‌పాత్ మీద నేను తప్ప ఎవరూ లేరు. ఏదో ఒకటి అరవాలి. ఆ కథల్లో ఎవరూ ఊరికే అరవరు, పేరు పెట్టి అరుస్తారు. అతని పేరు నాకు తెలియదు. నాకు గుర్తొచ్చిన పేరు ఒక్కటే, మా అమ్మ నన్ను పిలిచిన పేరు.

"మసుమీ!" అని అరిచాను. గొంతు పగిలేలా, ఊరంతా వినేలా అరిచాను. "మసుమీ, వెళ్ళు! వెనక్కి చూడకు!"